గడ్డకు నాలుగు హద్దులు



నెమలి అనగానే ఈ చుట్టుపక్కల వాళ్లకు వేణుగోపాలస్వామి గుడి గుర్తొస్తుంది. గంపలగూడెం మండలంలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఊరు మాది. ఒంట్లో బాగోకపోతే ఒకరు తిరువూరు వెళ్తారు, ఒకరు మధిర వెళ్తారు. కాస్త పెద్ద జబ్బనిపిస్తే ఖమ్మం, ఇంకా పెద్దదైతే విజయవాడ. దారులకేం కొదవ లేదు. కానీ ఈ నాలుగు చోట్ల ఉన్న డాక్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఒకరు చూసింది ఇంకొకరికి తెలియాలంటే మన చేతిలో ఉన్న చీటీయే ఆధారం. ఈవేళ ఆ చీటీ గురించి మాట్లాడతాను. అందులోనూ, రొమ్ములో గడ్డ తగిలిందని ఆసుపత్రికి వెళ్లిన ఆడమనిషి చేతిలోని చీటీ గురించి.

రేడియోలో ఈ మాట పైకి అనడానికి నాకు మొహమాటం లేదు. ఇంట్లో మగవాళ్లున్నారని మీరు సౌండు తగ్గించకుండా ఉంటే చాలు. నిజానికి వాళ్లూ వినాలి. రొమ్ము కేన్సర్ రోగుల్లో నూటికి ఒకరో, అంతకంటే తక్కువో మగవాళ్లు కూడా ఉంటారు.

నేను హైదరాబాదులో మెడికల్ కోడింగు పని చేశాను. ఈ ఉద్యోగం గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. బీఫార్మసీ, బీఎస్సీ నర్సింగు, బయోటెక్నాలజీ, ఫిజియోథెరపీ చదివిన మన పల్లెటూరి పిల్లలు అమీర్‌పేటలో కోచింగు తీసుకుని, సీపీసీ అనే పరీక్ష రాసి, అద్దాల మేడల్లో కూర్చుని చేసేది ఇదే. అమెరికాలో ఒక డాక్టరు రోగిని చూసి, తను చూసింది రాసుకుంటాడు. ఆ రాత ఇక్కడికి వస్తుంది. మన పిల్లలు దాన్ని చదివి, రోగికి ఉన్న ఇబ్బందికీ, చేసిన వైద్యానికీ సరిపోయే కోడ్లు వేస్తారు. ఆ కోడ్లను బట్టి అక్కడి బీమా కంపెనీ డబ్బు చెల్లిస్తుంది. రోజుకు ఇన్ని చార్టులని లెక్క ఉంటుంది. నూటికి తొంభై అయిదు సరిగ్గా రావాలంటారు చాలా కంపెనీల్లో.

ఈ జబ్బుల కోడ్ల పుస్తకాన్ని ఐసీడీ అంటారు. 1893లో జాక్ బెర్టిలాన్ అనే ఫ్రెంచి గణాంకవేత్త మనుషులు దేనివల్ల చనిపోతున్నారో లెక్కకట్టడానికి ఒక పట్టిక తయారుచేశాడు. దానికి ఇది మునిమనవడి లాంటిది. మొదట్లో అందులో చావులే తప్ప జబ్బులు లేవు. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని చేతుల్లోకి తీసుకున్నాక బతికున్నవాళ్ల రోగాలకూ చోటు దొరికింది. పదో కూర్పు నుంచి అమెరికావాళ్లు తమకంటూ ఒక విస్తృత రూపం చేసుకుని 2015 అక్టోబరు 1 నుంచి వాడుతున్నారు. అందులో డెబ్బై వేలకు అటూ ఇటూగా కోడ్లున్నాయి. బాతు కరిస్తే ఒక కోడు, సీమకోడి పొడిస్తే ఇంకోటి, చిలక కొరికితే మరోటి. నెమలి పొడిస్తే మాత్రం విడిగా కోడు లేదు, ‘ఇతర పక్షులు’ అన్నదాంట్లో వేసుకోవాల్సిందే. మా ఊరి పేరు చెప్పుకుని దీనిమీద ఆఫీసులో చాలా నవ్వుకునేవాళ్లం.

బాతుల సంగతి వదిలేద్దాం. రొమ్ములో గడ్డ దగ్గరికొచ్చేసరికి ఆ పుస్తకం చాలా శ్రద్ధగా ఉంటుంది. గడ్డ ఉంది, అదేమిటో ఇంకా తేలలేదు అన్నప్పుడు వేసే కోడు ఎన్63. ఒకప్పుడు అంతే, ఒక్కటే కోడు. 2017 అక్టోబరు 1 నుంచి అమెరికాలో దాన్ని ముక్కలు చేశారు. కుడివైపా, ఎడమవైపా? పైన బయటి భాగమా, పైన లోపలి భాగమా, కింద బయటా, కింద లోపలా? చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కిందనా? చంక వైపు సాగిన కొసలోనా? వీటన్నిటికీ విడివిడిగా కోడ్లొచ్చాయి. కుడి రొమ్ము, పైన బయటి భాగం అయితే ఎన్63.11. అదే ఎడమవైపైతే ఎన్63.21.

పొలం దస్తావేజు చూసే ఉంటారు. సర్వే నంబరు రాసి ఊరుకోరు, తూర్పున ఫలానావారి పొలం, పడమర డొంక, ఉత్తరాన కాలవ, దక్షిణాన రోడ్డు అని నాలుగు హద్దులూ వేస్తారు. హద్దులు లేని దస్తావేజును మన పెద్దవాళ్లు కాగితం కింద కూడా లెక్కేయరు. గడ్డకూ ఆ నాలుగు హద్దులు కావాలి. డాక్టర్లు రొమ్మును గుండ్రటి గడియారంలా ఊహించుకుంటారు. ఎదురుగా నిలబడి చూస్తున్నట్టు లెక్క. పైన పన్నెండు, కింద ఆరు. కుడి రొమ్ములో పది గంటల దగ్గర గడ్డంటే అది పైన, చంక వైపు. ఎడమ రొమ్ములో చంక వైపు పైభాగం రెండు గంటల దగ్గరకొస్తుంది. ఇక్కడే ఒక చిక్కుంది. ‘రెండు గంటల దగ్గర గడ్డ’ అని రాసి, ఏ వైపో రాయలేదనుకోండి. ఎడమవైపైతే అది చంక పక్కన, కుడివైపైతే రొమ్ము ఎముక పక్కన. ఒక్క మాట రాయకపోతే గడ్డ ఇంత దూరం జరిగిపోతుంది. అందుకే వైపు, గంట, చనుమొన నుంచి ఎన్ని సెంటీమీటర్ల దూరం, గడ్డ ఎన్ని సెంటీమీటర్లు, ఈ నాలుగూ ఉండాలి. వేలితో నొక్కితే కదులుతోందా, చర్మానికి అతుక్కుని ఉందా, చంకలో బిళ్లలు తగిలాయా, చనుమొన లోపలికి లాక్కుపోయిందా, నెత్తురు కలిసిన స్రావం ఉందా అన్నవి ఆ తర్వాత రాయాలి.

ఇంత వివరం దేనికి అంటారా? గడ్డ తగిలిన మనిషి ఆ ఒక్క డాక్టరు దగ్గరే ఆగదు కాబట్టి. ఆవిణ్ణి అల్ట్రాసౌండు స్కానింగుకో, మామోగ్రామ్‌కో పంపుతారు. చేతికి తగిలిన గడ్డ, స్కానింగులో కనిపించిన గడ్డ ఒకటేనా కాదా అని ఆ గదిలో కూర్చున్న డాక్టరుకు తెలియాలి. రొమ్ములో ఒకటి కంటే ఎక్కువ గడ్డలుండటం అరుదేం కాదు. స్కానింగులో నీటితిత్తి ఒకటి కనబడి, ‘ఇది మామూలు నీటితిత్తే, భయం లేదు’ అని రాసిస్తే, చేతికి తగిలిన అసలు గడ్డ దాని పక్కన ఎవరూ చూడకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది. తర్వాత సూది పరీక్ష. సూది ఎక్కడ గుచ్చాలి? ఆ తర్వాత ఆపరేషనే అవసరమైతే కత్తి ఎక్కడ పెట్టాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్లకు ఒక తనిఖీ పట్టిక ఇచ్చింది. మత్తు ఇవ్వకముందే రోగిని పేరడిగి, ఏ చోట ఆపరేషనో అడిగి, ఆ చోట గుర్తు పెట్టారా లేదా చూడమంటుంది. ప్రపంచమంతటికీ కలిపి అలా చెప్పవలసి వచ్చిందంటే, వైపు తారుమారు కావడం ఎక్కడైనా జరగగలదనే కదా.

కోడింగులో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది, అది చెప్పాలి. బయటి రోగిగా వచ్చిన మనిషి చార్టులో డాక్టరు ‘కేన్సర్ అనుమానం’ అనో, ‘కేన్సర్ కావచ్చు’ అనో, ‘కేన్సర్ కాదని తేల్చుకోవాలి’ అనో రాశాడనుకోండి. మేం కేన్సర్ కోడు వేయకూడదు. నిర్ధారణ అయ్యేదాకా అది గడ్డే. ఎన్63 దగ్గరే ఆగాలి. పరీక్షలో ఫైబ్రోఎడినోమా అని తేలితే డి24కు పోతుంది. పడుచు పిల్లల్లో ఎక్కువగా వచ్చే, వేలికింద జారిపోతూ కదిలే గడ్డ అది. నీటితిత్తి అయితే ఎన్60. చీముగడ్డ అయితే ఎన్61. పాలిచ్చే తల్లికి వచ్చిన చీముగడ్డ అయితే ఆ అధ్యాయమే వేరు, ప్రసవానికి సంబంధించిన ఓ91లోకి పోతుంది. కేన్సర్ అని ముక్క పరీక్ష చెప్పినప్పుడే సి50. అప్పుడు కూడా ఏ భాగమో అంకె చెప్పాలి. పైన బయటి భాగమైతే సి50.4. రొమ్ము కేన్సర్లు ఎక్కువగా వచ్చేది ఆ భాగంలోనే. అమెరికా కోడులో దాని తర్వాత ఆడమనిషా మగమనిషా అన్నదానికి ఒక అంకె, కుడా ఎడమా అన్నదానికి ఇంకో అంకె.

తెలియనిదాన్ని తెలియనట్టే రాయమనడం చిన్న విషయమేం కాదు. మన దగ్గర గడ్డ అనగానే ఇంట్లో ఒకరు ‘కేన్సరే’ అంటారు, ఇంకొకరు ‘ఏం కాదులే, వేడి చేసింది’ అంటారు. ఇద్దరూ పరీక్ష కాకముందే తేల్చేసినవాళ్లే. గడ్డల్లో ఎక్కువ భాగం కేన్సర్ కావు. అది నిజం. కానీ ఏ గడ్డ ఏదో చెయ్యి చెప్పలేదు, ముక్క పరీక్ష చెబుతుంది. డాక్టరు చేత్తో చూడటం, స్కానింగు లేదా మామోగ్రామ్, సూదితో ముక్క తీయడం, ఈ మూడూ ఒకే మాట చెప్పాలి. ఒకటి అవునని, ఒకటి కాదని అంటే డాక్టర్లు మళ్లీ చూస్తారు. ఆ మూడిట్లో ఏది అయింది, ఏది కావాలి అన్నది చీటీలో ఉండాలి.

అమెరికావాళ్ల శ్రద్ధ చూసి అక్కడి వైద్యులందరూ మహానుభావులని నేననను. వైపు రాయకపోతే బీమావాడు బిల్లు వెనక్కి కొట్టే ప్రమాదముంది, అందుకని రాస్తారు. మా దగ్గరినుంచి ‘అయ్యా, మీరు ఏ వైపో రాయలేదు’ అని ప్రశ్న పోతుంది, జవాబు వస్తుంది. డబ్బు కోసం పుట్టిన శ్రద్ధ అది. ఎందుకోసం పుట్టినా ఆ రాత రోగికి పనికొస్తుంది. మన ఆడపిల్లలు, మగపిల్లలు హైదరాబాదులో రాత్రి షిఫ్టుల్లో కూర్చుని, ఎక్కడో ఒహైయోలో ఉన్న ఒక ముసలావిడ గడ్డ ఎడమా కుడా, పైనా కిందా అని ఒకటికి రెండుసార్లు సరిచూస్తారు. అదే పిల్లల తల్లి ఇక్కడ మండలంలో ఏదో ఒక ఆసుపత్రికి పోతే, చీటీమీద ‘గడ్డ – రొమ్ము’ అని రెండు ముక్కలు, కింద నాలుగు మాత్రలు. ఏ ఆసుపత్రి అని చెప్పను, ఎవరినీ తప్పుపట్టను. ఓపీలో రోగుల వరస గుమ్మం దాటి ఉంటుంది, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు కూడా దక్కవు. కానీ ‘కుడి, పది గంటలు, రెండు సెంటీమీటర్లు, కదులుతోంది’ అని రాయడానికి పది సెకన్లు చాలు.

తప్పంతా డాక్టర్లదే అనీ అనను. మనమూ సిగ్గుపడి ఒక పని చేస్తాం. రొమ్ములో గడ్డ అనకుండా ‘ఛాతీలో నొప్పి’ అంటాం. ఎదురుగా కూర్చున్నది మగ డాక్టరైతే మరీను. ఆయన ఛాతీ నొప్పి అని రాసుకుని ఈసీజీ తీయిస్తాడు. ఈసీజీ బాగుంటుంది. ‘గుండె బాగుందంట’ అని ఇంటికొచ్చేస్తాం. కాగితం మీద ఆ మనిషి ఛాతీ నొప్పి మనిషిగా మిగిలిపోతుంది. కోడింగు భాషలో అయితే ఆర్07. ఆ ఆర్07కూ ఎన్63కూ మధ్య ఎన్ని నెలలు గడిచిపోతాయో ఆవిడ సిగ్గే చెప్పాలి. ఇంకొకరు నొప్పి లేదు కదా అని అసలు వెళ్లరు. నొప్పి లేని గడ్డనే ముందు చూపించుకోవాలమ్మా. కేన్సర్ గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి పుట్టించదు.

2022లో ప్రపంచం మొత్తం మీద 23 లక్షల మంది ఆడవాళ్లకు రొమ్ము కేన్సర్ బయటపడింది, 6 లక్షల 70 వేల మంది చనిపోయారు. అదే ఏడాది మన దేశంలో కొత్త కేసులు సుమారు లక్షా 92 వేలు, మరణాలు 98 వేల పైచిలుకు. ఈ రెండు జతల అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఆలస్యంగా రావడం మన దగ్గర ఎంత ఖరీదైందో తెలుస్తుంది.

ఇప్పుడు ఊళ్లోకి వద్దాం. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ముప్ఫై ఏళ్లు దాటినవాళ్ల దగ్గర ఒక ఫారం నింపుకుంటుంది. సీబ్యాక్ అంటారు దాన్ని. బీడీ, సిగరెట్టు తాగుతారా, నడుం చుట్టుకొలత ఎంత అన్నవాటితో పాటు, రొమ్ములో గడ్డ ఉందా, చనుమొన నుంచి నెత్తురు కలిసిన స్రావం ఉందా, రొమ్ము ఆకారం మారిందా అన్న ప్రశ్నలుంటాయి. చాలామంది అడిగీ అడగకముందే ‘లేదులే రాసుకో’ అనేస్తారు. ఒక్కమాట. ఆ ఫారంలో ‘ఉంది’ అని పడితేనే అది ఏఎన్ఎం దగ్గరికి, డాక్టరు దగ్గరికి కదులుతుంది. ‘లేదు’ అని పడిన మనిషి గురించి మళ్లీ ఎవరు అడుగుతారు?

చేత్తో చూడటం వల్ల ఏమొస్తుంది, మిషన్లు కావాలి గానీ అనేవాళ్లున్నారు. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రివాళ్లు 1998లో ఒక పెద్ద పరిశీలన మొదలుపెట్టారు. 35 నుంచి 64 ఏళ్ల మధ్య ఆడవాళ్లు, లక్షా 51 వేల పైచిలుకు మంది. అందులో సగం మంది రొమ్ములను శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించారు. ఇరవై ఏళ్లు వెంటపడి చూశారు. 2021లో ఫలితం వచ్చింది. యాభై ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లలో రొమ్ము కేన్సర్ చావులు దాదాపు ముప్ఫై శాతం తగ్గాయి. యాభై లోపు వాళ్లలో అంత తేడా కనబడలేదు, అదీ చెప్పాలి. మన తెలుగు జిల్లాల్లోనూ రొమ్ము శస్త్రచికిత్స నిపుణులు డాక్టర్ రఘురామ్ గారు నడిపే ఉషాలక్ష్మి బ్రెస్ట్ కేన్సర్ ఫౌండేషన్ 2012లో ఇలాంటి పని మొదలుపెట్టింది. పల్లెల్లోని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి పేద ఆడవాళ్లకు చేత్తో పరీక్షలు చేయించింది. ఇలాంటివి ఇరవై ఏళ్ల తర్వాత ఫలితం చెప్పగలగాలంటే మొదటిరోజు ఎవరికేం కనిపించిందో రాసి ఉండాలి. రాయని పరీక్ష లెక్కలోకి రాదు.

లెక్క అంటే గుర్తొచ్చింది. కేన్సర్ అని తేలాక ఇంకో పుస్తకం ఉంది. కేన్సర్ రిజిస్ట్రీలవాళ్లు వాడేది. హైదరాబాదులో అలాంటి రిజిస్ట్రీ ఒకటుంది. వాళ్లు ఆసుపత్రులు తిరిగి ఫైళ్లు చూసి నమోదు చేసుకుంటారు. అందులో గడ్డ ఎక్కడ అన్నదానికి ఒక కోడు, సూక్ష్మదర్శిని కింద ఏ రకంగా కనిపించింది అన్నదానికి ఒక కోడు ఉంటాయి. ఆ రెండోదాని చివర ఒక గీత గీసి ఒక అంకె వేస్తారు. సున్నా అంటే ప్రమాదం లేనిది. రెండు అంటే కేన్సరే గానీ పుట్టినచోటు దాటలేదు. మూడు అంటే పక్క కణజాలంలోకి చొరబడింది. ఒక్క అంకెలో మనిషి తలరాత కనిపించేది నాకు. ఫైలులో భాగం రాయకపోతే పాపం ఆ రిజిస్ట్రీ గుమాస్తా ఏం చేస్తాడు, ‘రొమ్ము, ఎక్కడో తెలియదు’ అని సి50.9 వేసుకుని పోతాడు.

కొలత సంగతి ఇంకా ముఖ్యం. కేన్సర్ గడ్డ రెండు సెంటీమీటర్ల లోపా, రెండు నుంచి అయిదా, అయిదు దాటిందా అన్నదాన్ని బట్టి దశ లెక్కలో దాని మెట్టు మారుతుంది. కొందరికి ఆపరేషనుకు ముందే కీమో ఇస్తారు. దాంతో గడ్డ చిక్కిపోతుంది, ఒక్కోసారి చేతికి తగలకుండా పోతుంది. అప్పుడు ఆపరేషన్ చేసే డాక్టరుకు ‘మొదట ఎక్కడుంది, ఎంతుంది’ అన్నది ఎవరు చెప్పాలి? మొదటి చీటీయే చెప్పాలి.

ఇక సర్కారు వైద్య పథకం సంగతి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, పేర్లు మారుతూ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నదాన్లో కేన్సర్ వైద్యానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. దానికి ముక్క పరీక్ష రిపోర్టు, స్కానింగు కాగితాలు కంప్యూటరులో ఎక్కించాలి. అక్కడ మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది జబ్బు దగ్గర కాదు, పేరు దగ్గర. ఓపీ చీటీలో లక్ష్మి, ల్యాబు రిపోర్టులో వెంకటలక్ష్మి, ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, బియ్యం కార్డులో అత్తింటి ఇంటిపేరు. వయసు ఒకచోట నలభై రెండు, ఇంకోచోట నలభై ఎనిమిది. ఈ నలుగురూ ఒక్కరేనని ఆసుపత్రిలో పథకం పని చూసే ఉద్యోగికి నచ్చజెప్పడానికి తిరిగే రోజులు వైద్యంలోంచే పోతాయి. అందుకని మొదటిసారి ఓపీ చీటీ రాయించుకునేటప్పుడే ఆధార్ కార్డు కౌంటరులో పెట్టి, అందులో ఎలా ఉందో అలాగే పేరు, వయసు రాయమనండి. పిలుపు పేరు చెప్పకండి.

డాక్టరమ్మ దగ్గర కూర్చున్నప్పుడు, ‘అమ్మా, ఏ వైపు, ఎక్కడ, ఎంత సైజో కాస్త చీటీమీద రాయండి, నేను విజయవాడలో చూపించుకోవాల్సి రావచ్చు’ అని అడగండి. డాక్టర్లు కోప్పడరు. కోప్పడినా రాస్తారు. గడ్డ మొదట ఎప్పుడు చేతికి తగిలిందో తేదీ చెప్పలేకపోతే, సంక్రాంతికి ముందా తర్వాతా, పత్తి తీతలప్పుడా అని చెప్పండి, వాళ్లు నెల వేసుకుంటారు. నెలసరి ఎప్పుడు వచ్చింది, పాలిస్తున్నారా, తల్లికి గానీ తోబుట్టువులకు గానీ ఈ జబ్బు వచ్చిందా అన్నది అడక్కపోయినా చెప్పండి. పసుపు, వేపాకు కట్టి ఉంటే అదీ దాచకండి, చర్మం ఎర్రబడటం దానివల్లో జబ్బువల్లో వాళ్లకు తెలియాలి.

ముక్క పరీక్ష రిపోర్టు వచ్చాక అందరూ కింద రాసిన నిర్ధారణ దగ్గరికే చూపు పోనిస్తారు. పైన మూలన ఒక నంబరు ఉంటుంది. ఏడాదీ ఒక వరస సంఖ్యా కలిపి వేస్తారు చాలా ల్యాబుల్లో. మీ నుంచి తీసిన ముక్కను మైనంలో దిమ్మలా చేసి ఆ నంబరు కింద ల్యాబులో భద్రపరుస్తారు. రేపు హైదరాబాదులోనో గుంటూరులోనో ఇంకో డాక్టరు, ఈ కేన్సరుకు హార్మోను మందులు పనిచేస్తాయా, హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉందా అని చూడాలనుకుంటే మళ్లీ సూది గుచ్చాల్సిన పని చాలాసార్లు ఉండదు. ఆ దిమ్మ తెప్పిస్తే చాలు. రిపోర్టు కాగితం తడిసిపోయినా, ఇల్లు మారినప్పుడు పోయినా ఆ నంబరూ, ల్యాబు పేరూ ఉంటే దిమ్మ దొరుకుతుంది. రిపోర్టు చేతికి రాగానే ఆ నంబరును ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఫొటో తీసి పెట్టించండి.